ఏడు నీళ్ళు

కాంతమణి కడిగిన పలకలు అద్దాల్లా ఉంటాయని బంగళా అంతటికీ తెలుసు. పలకలంటే బడిపిల్లలు రాసుకునేవి కావు. దళసరి ప్లాస్టిక్‌తో పోతపోసినవి. ఒక్కోదానిలో ఎనభై చిన్న గుంటలుంటాయి. గుంటపొంగణాల పెనాన్ని అవతల ఉన్నది కనిపించేటట్టు గాజులా చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ గుంటల్లో కోడి రక్తం, ఉప్పునీళ్ళు, వైరస్ పోసి పరీక్షలు చేస్తారు. పరీక్ష అయిన పలకల్ని ఒక పూట మందునీళ్ళలో ముంచి, వైరస్ చచ్చాక తెచ్చి కాంతమణి తొట్టి పక్కన పెడతారు. అక్కణ్ణుంచి అంతా ఆవిడ రాజ్యం.

ఆ బంగళా సికింద్రాబాదులో మెట్టుగూడ దాటాక, రైల్వే క్వార్టర్ల వెనక ఉండేది. అందులో కోళ్ళకి టీకాలు కనిపెట్టే పని జరిగేది. కాంతమణి భర్త యేసుదాసు రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ పోయాడు. గుడివాడ వైపు నుంచి అతని వెంట వచ్చిన మనిషి, అతను పోయాక తిరిగి వెళ్ళలేదు. తెలిసినవాళ్ళు చెప్పగా ఈ బంగళాలో గాజుసామాను కడిగే పనికి చేరింది. చేరి ఏడేళ్ళయింది. ఏడేళ్ళూ రోజుకూలి మీదే. రేపట్నుంచి రావద్దంటే ఎందుకని అడిగే హక్కు లేదు.

చేరిన కొత్తలో ఒకరోజు ఆవిడ మేబెలమ్మని అడిగింది. మేబెలమ్మ అక్కడ డాక్టరు, అంటే మనుషులకి మందిచ్చే డాక్టరు కాదు, వైరస్‌ల మీద చదువుకున్నావిడ. కాంతమణి కంటే పదిహేనేళ్ళు చిన్నది.

"అమ్మా, కడగమంటే కడుగుతున్నాను గానీ, ఈ గుంటల్లో మీరు చూసేదేంటి?"

మేబెలమ్మ చేస్తున్న పని ఆపి, ఒక పలకని కిటికీ వెలుతురులో పెట్టింది.

"కోళ్ళకి కొక్కెర తెగులు వస్తుంది చూడండి, మెడ తిరిగిపోయి చస్తాయి?"

"తెలియకపోవడమేంటమ్మా. మా పెరట్లో ఒక వారంలో పద్నాలుగు పోయాయి."

"ఆ వైరస్ ఒంటినిండా ముళ్ళుంటాయి. కంటికి కనపడవు. ఆ ముళ్ళే ప్రోటీన్లు. పొలానికి వెళ్ళొస్తే చీర కుచ్చెళ్ళకి ఉత్తరేణి గింజలు పట్టుకుంటాయి కదా, అట్లా ఒక రకం ముల్లు కోడి కణాన్ని పట్టుకుంటుంది. ఇంకో రకం ముల్లు కణం పొరలో దారి చేస్తుంది. పట్టుకోకపోతే లోపలికి పోలేదు, లోపలికి పోకపోతే జబ్బు లేదు."

"మరి టీకా?"

"టీకా వేస్తే కోడి ఒంట్లో ఆ ముళ్ళకి తొడుగులు తయారవుతాయి. తొడుగు పడ్డ ముల్లు దేన్నీ పట్టుకోదు. ఇప్పుడు ఈ గుంట చూడండి. వైరస్ రక్తకణాల్ని ఒకదానికొకటి అంటించేసింది, గుంటంతా వల పరిచినట్టు ఉంది. ఈ పక్కదానిలో టీకా వేసిన కోడి రక్తపు తేట కలిపాం. తొడుగులు పడ్డాయి. వైరస్ పట్టుకోలేకపోయింది. కణాలు జారి అడుక్కి పోయి చొక్కా గుండీలా కూర్చున్నాయి. గుండీ కనపడితే ఆ కోడి బతికినట్టే."

ఆ రోజు నుంచి కాంతమణి కడగబోయే ముందు ప్రతి పలకనీ ఒకసారి వెలుతురులో పెట్టి చూసేది. వల, గుండీ. మందునీళ్ళలో మునిగొచ్చిన వాటిలో ఏమీ మిగలదు, అయినా చూసేది. చదువుకున్నవాళ్ళ పని కాస్త తన చేతి మీదుగా పోతోందన్న తృప్తి.

కడగడానికి ఒక పద్ధతి ఉంది. ల్యాబుకోసం తెప్పించే సబ్బుపొడిలో నానబెట్టాలి, బ్రష్షుతో ఒక్కో గుంటా తిప్పాలి, ఏడుసార్లు కుళాయి నీళ్ళు మార్చి జాడించాలి, ఆఖరికి డిస్టిల్ వాటర్‌లో ముంచి బోర్లించాలి. ఏడుకి ఒకటి తక్కువైనా ఒప్పుకోరు.

ఎనభై ఆరో సంవత్సరం సంక్రాంతి దాటాక సబ్బుపొడి అయిపోయింది. కాంతమణి స్టోరు గదికి వెళ్ళి అడిగింది. స్టోరు చూసే ఆర్థర్ రిజిస్టరులోంచి తలెత్తలేదు.

"ఇండెంట్ పైకి పోయిందాంటీ. ఇంకా కిందికి రాలే."

"అప్పటిదాకా దేంతో తోమను నాయనా, నా తలతోనా?"

"జెర మేనేజ్ చేయండి. మీకు రాని పనా?"

మేనేజ్ చేసింది. బట్టల సబ్బు గుంటల్లో తెల్లటి పొర వదులుతోంది. వాళ్ళమ్మ వెండి గిన్నెల్ని, పట్టు చీరల్ని కుంకుడురసంతో కడిగేది. కాంతమణి రెజిమెంటల్ బజారుకి వెళ్ళి కుంకుళ్ళు తెచ్చి, గింజ తీసి కొట్టి, వేడినీళ్ళలో పోసింది. చిక్కటి నురగ. పలకలు ఇంతకు ముందెన్నడూ లేనట్టు మెరిశాయి.

"కాంతమణమ్మా, ఇవి కొత్తవా?" అంది మేబెలమ్మ.

"పాతవేనమ్మా."

అంతకంటే ఆవిడ అడగలేదు, ఈవిడ చెప్పలేదు. మెచ్చుకున్నప్పుడు గుట్టు విప్పాలని ఎవరికి అనిపిస్తుంది? పైగా కుంకుడురసంలో ఏముంది, పసిపిల్లల తలకి పోస్తారు. కంట్లో పడితే మంట తప్ప హాని చెయ్యదు. అలా రెండు నెలలు నడిచింది, ఏ పరీక్షా చెడలేదు.

ఏప్రిల్‌లో నీళ్ళకి కరువొచ్చింది. కుళాయి రోజు విడిచి రోజు, అదీ ఒక్క గంట. బంగళాలో రెండు డ్రమ్ములు నింపుకుంటే కోళ్ళకి, మనుషులకి, తొట్టికి అవే. కాంతమణి ఏడు నీళ్ళు అయిదు చేసింది. అయిదు మూడయ్యాయి. మే నెల వచ్చేసరికి రెండు. కుంకుడు నురగ సబ్బు నురగలా మొండికెయ్యదు, రెండు నీళ్ళకే కంటికి కనపడకుండా పోతుంది. పోయిందనే ఆవిడ అనుకుంది.

సరిగ్గా ఆ నెలలోనే మేబెలమ్మకి పెద్ద పరీక్ష వచ్చిపడింది. ఐసు పెట్టె అక్కర్లేని కొత్త టీకా ఒకటి ఆవిడ మూడేళ్ళుగా తయారుచేస్తోంది. ఎండకి పాడవదు. నూకలకి పట్టించి చల్లితే కోళ్ళే తింటాయి. భువనగిరి దగ్గర ఒక ఊళ్ళో అరవై నాటుకోళ్ళకి అలా తినిపించి, నెల తర్వాత ఒక్కోదాని రెక్కలోంచి రక్తం తీసి, తేట విడదీసి తెచ్చారు. ఒక్కో కోడిదీ చిన్న సీసాలో నాలుగు పరీక్షలకి సరిపడా చుక్కలు. ఆ ఊరి కోళ్ళలో సగం ఈపాటికి కూరల్లోకి పోయాయి కాబట్టి మళ్ళీ వెళ్ళి తెద్దామన్నా దొరకవు. గుండీలు కనపడితే టీకా నిలిచినట్టు, లేకపోతే మూడేళ్ళ పనీ బీరువాలోకి.

మొదటి పరీక్షలో వలలూ లేవు, గుండీలూ లేవు. ఎనభై గుంటల్లోనూ రక్తం కరిగిపోయి, గులాబి షర్బత్తులా తేటగా నిలిచింది.

రెండోసారీ అంతే.

మేబెలమ్మ ముఖం కడుక్కొచ్చి మళ్ళీ కూర్చుంది. "దారిచేసే ముల్లు ఉంది చూడండి, ఆ ప్రోటీనే కణాల్ని పగలగొడుతోందేమో అనుకున్నాను," అంది పెద్దసారు ధర్మరాజు గారితో. "కానీ వైరస్ అసలు వెయ్యని గుంటల్లో కూడా పగిలాయి సార్. ఉప్పునీళ్ళు మార్చాను. అయినా అంతే."

ధర్మరాజు గారు నర్సాపురం వైపు మనిషి. కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఆయన నేరుగా తొట్టి దగ్గరికి వచ్చాడు.

"కాంతమణీ, పలకలు ఏడు నీళ్ళూ పోసే కడుగుతున్నావా?"

ఆ క్షణంలో ఆవిడకి కనపడింది డ్రమ్ము అడుగున ఉన్న నీళ్ళు కాదు. ఆయన బల్ల మీదున్న కాగితం. రోజుకూలి వాళ్ళలో ఇద్దర్ని పర్మనెంటు చెయ్యమని పైనుంచి వచ్చింది. అందులో ఒక పేరు ఆవిడది. శుక్రవారం సంతకం పెడతానన్నాడు.

"పోస్తున్నాను సార్," అంది.

"ఏడూ?"

"ఏడూ."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. పలకల మీద అనుమానం అక్కడితో తీరిపోయింది. ఉప్పునీళ్ళు కాదు, పలకలు కాదు. ఇక మిగిలింది రక్తం.

రక్తం తెచ్చేది పర్వతాలు. కాగితంలో ఇంకో పేరు అతనిదే. నల్గొండ మనిషి. బంగళా వెనక నాలుగు తెల్ల పెట్టల్ని సాకుతూ, పరీక్ష ఉన్నరోజు వాటి రెక్కల్లోంచి సిరంజితో రక్తం తీసి ఇవ్వడం అతని పని. సిరంజిలో మామూలు నీటిచుక్క ఉన్నా కణాలు పగిలిపోతాయి. అందుకని సిరంజి బొత్తిగా ఆరి ఉండాలి. పర్వతాలుకి ఆదివారాలు కల్లు తాగే అలవాటుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎందుకంటే అతనే అందరికీ చెప్పుకుంటాడు.

మూడోసారి పరీక్ష పెట్టారు. మళ్ళీ షర్బత్తే. ఇక సీసాల్లో ఒక్క పరీక్షకి సరిపడా చుక్కలు మిగిలాయి.

గురువారం పొద్దున ధర్మరాజు గారు పర్వతాలుని పిలిచాడు. కాంతమణి తొట్టి దగ్గరికి మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"నీళ్ళున్న సిరంజితో తీశావు."

"లేద్ సార్. పొయ్యి మీద ఆరవెట్టిన."

"తాగి తీశావు."

"వారం నడుమ ఎవడు తాగుతడు సార్! ఐతారం తప్ప ముట్ట."

"రేపటికి వేరే ఫారం నుంచి రక్తం తెప్పిస్తున్నాను. దాంతో పరీక్ష సరిగ్గా వచ్చిందంటే, సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు. కాగితంలోంచి కూడా నీ పేరు తీసేస్తాను."

మధ్యాహ్నం పర్వతాలు తొట్టి గట్టుమీద వచ్చి కూర్చున్నాడు. చేతిలో ఒక గాజుగొట్టం, దాన్నిండా ఉప్పునీళ్ళలో కలిపిన రక్తం.

"చూడక్కా. నా పెట్టల రక్తం. దీంట్ల ఏం తప్పున్నదో జెర నువ్వన్నా జెప్పు."

"నాకేం తెలుస్తుంది పర్వతాలూ."

"పదకొండేండ్ల సంది తీస్తున్న. ఒక్కనాడు సుత గిట్ల గాలె. పెట్టలకు సుత పరేషానయింది. నా దిక్కే జూస్తున్నయి, ఏమైందిరా అన్నట్టు."

"కోళ్ళు అందరి దిక్కూ అలాగే చూస్తాయిలే."

"నీకు మజాకే," అంటూ అతను లేచి, బోర్లించి ఉన్న పలకల్లోంచి ఒకటి తీసి, గొట్టంలో రక్తం సగం దాని గుంటల్లోకి వంచాడు. "ఇగో. నీ ముందట్నే పోస్తున్న. వైరస్ లేదు, మందు లేదు. గుండీలు గట్టాలె. గట్టకుంటె నేనే సంచి సర్దుకుంట." పోసి, మిగతా సగం ఉన్న గొట్టాన్ని గట్టుమీద నిలబెట్టి, పెట్టలకి నీళ్ళు పెట్టే వేళయిందని వెళ్ళిపోయాడు.

కాంతమణి చేతిపనిలో పడింది. ముప్పావుగంట తర్వాత చెయ్యి తుడుచుకుంటూ అటు చూసింది.

పలకలో రక్తం తేటపడింది. కింద గట్టు మీది పగులు గుంటల్లోంచి కనిపిస్తోంది. అదే షర్బత్తు. అయ్యో, పిల్లాడి పని అయిపోయింది అనుకుంటూ గొట్టం పారబొయ్యడానికి తీసింది. గొట్టంలో రక్తం కరగలేదు. పైన నీళ్ళు, అడుగున ఎర్రగా, గుండ్రంగా కుదురుకున్న కణాలు. గుండీ.

ఒకే రక్తం. ఒకే ఉప్పునీళ్ళు. గొట్టం మేబెలమ్మ గదిలోది, కొత్తది, ఇంకా తన తొట్టికి రానిది. పలక తనది.

కాంతమణి బోర్లించిన పలకల్లోంచి ఇంకొకటి తీసి, ఒక గుంటలో రెండు చుక్కల నీళ్ళు వేసి వేలితో గిలకొట్టింది. వేలి చుట్టూ సన్నగా నురగ లేచింది. ఆరి మెరుస్తున్న పలక, కడిగి రెండు రోజులైన పలక, ఇంకా నురగ కక్కుతోంది. తలకి పోసుకుంటే హాయిగా ఉండే కుంకుడురసం రక్తకణం పొరని కూడా మురికిలాగే విడదీస్తోందన్నమాట. ఏడు నీళ్ళు పోసినన్నాళ్ళూ కొట్టుకుపోయింది. రెండు నీళ్ళకి పోలేదు.

ఆవిడ ఆ పలకని పక్కన పెట్టింది. తర్వాత తన తాగేనీళ్ళ కుండ తెచ్చింది. డ్రమ్ములో మిగిలినవి తోడింది. పర్వతాలు పెట్టలకోసం దాచిన బిందె కూడా వంచింది. రేపటి పరీక్షకి కావలసిన పలకల్ని ఒక్కోదాన్నీ ఏడుసార్లు, పైకే లెక్కపెడుతూ జాడించింది. డిస్టిల్ వాటర్‌లో ముంచి బోర్లించింది.

చేస్తున్నంతసేపూ ఆవిడకి ఒక సంగతి తెలుస్తూనే ఉంది. రేపు పరీక్ష సరిగ్గా వస్తుంది. కొత్త రక్తం వల్లే వచ్చిందనుకుంటారు. మేబెలమ్మ మూడేళ్ళ పని నిలబడుతుంది. తన కాగితం మీద సంతకం పడుతుంది. పర్వతాలు పోతాడు. ఎవరూ ఏమీ అడగరు. తను నోరు తెరవకపోతే చాలు.

ఒక్క పలక మాత్రం ఆవిడ మళ్ళీ కడగలేదు. పాత తువ్వాల్లో చుట్టి గూట్లో పెట్టింది. ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగి ఉంటే అప్పుడు చెప్పలేకపోయేది.

శుక్రవారం వేరే ఫారం రక్తం ఐసులో వచ్చింది. మేబెలమ్మ ఆఖరి చుక్కలతో పరీక్ష పెట్టింది. గంటసేపు ఎవరూ ఆ బల్ల దగ్గర గట్టిగా అడుగు వెయ్యలేదు. ఆ తర్వాత లోపల్నుంచి కేక.

"గుండీలు! కాంతమణమ్మా, రండి, మీరూ చూడండి!"

చూసింది. అరవై కోళ్ళలో నలభై నాలుగింటికి గుండీ కట్టింది. ఎర్రటి చిన్న గుండీలు, వరసలు వరసలుగా. టీకా నిలిచింది. మేబెలమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ధర్మరాజు గారు కూడా నవ్వాడు. ఆయన నవ్వడం కాంతమణి ఏడేళ్ళలో రెండోసారి చూడటం.

"చూశారా మేబెల్ గారూ, రక్తంలోనే ఉంది దోషం," అన్నాడాయన. జేబులోంచి కలం తీసి, బల్ల మీద కాగితం జరుపుకున్నాడు. "ఈ తాగుబోతుని నమ్మి మూడు పరీక్షలు తగలేశాం."

పర్వతాలు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. అతనికి కూడా అనుమానం వచ్చినట్టుంది, నిజంగా తన చేతిలోనే ఏదో తప్పుందేమోనని. అరచేతులు తిప్పి చూసుకుంటున్నాడు. కాంతమణి తట్టుకోలేనిది అది. అతను అరిచి ఉంటే ఊరుకునేదేమో.

"సార్, ఆ కలం కాస్త ఆపండి," అంది.

గూటి దగ్గరికి వెళ్ళి తువ్వాలు తెచ్చి బల్ల మీద విప్పింది.

"ఈ పలకలో ఇవాళ తెచ్చిన మంచి రక్తం పొయ్యండి. ఇవాళ పరీక్ష పెట్టిన పలకల్లో ఒకదాంట్లో మిగిలిన గుంటలుంటే, వాటిలో పర్వతాలు పెట్టల రక్తం పొయ్యండి."

"ఏంటి ఇది?"

"పొయ్యండి సార్. తర్వాత చెప్తాను."

ధర్మరాజు గారు మేబెలమ్మ వైపు చూశాడు. మేబెలమ్మ ఏమీ అడక్కుండా పిపెట్టు తీసుకుంది. పోసింది. ముప్పావుగంట నలుగురూ అక్కడే ఉన్నారు. పర్వతాలుని ఎవరూ లోపలికి రమ్మనలేదు, పొమ్మనా లేదు. గుమ్మంలోంచే మెడ చాచి చూశాడు.

ఫారం నుంచి వచ్చిన మంచి రక్తం కరిగి షర్బత్తయింది. పర్వతాలు పెట్టల రక్తం గుండీలు కట్టింది.

"కుంకుడురసంతో కడుగుతున్నాను సార్," అంది కాంతమణి. "సబ్బుపొడి అయిపోయినప్పట్నుంచీ. అది తప్పని తెలీదు. ఏడు నీళ్ళు పోసినన్నాళ్ళూ ఏం కాలేదు కూడా. నీళ్ళు లేక రెండే పోశాను. అది తప్పని తెలుసు. మీరు అడిగితే ఏడని చెప్పాను. నిన్న మధ్యాహ్నం నాకు అర్థమైంది. ఈ ఒక్కటి తప్ప అన్నీ మళ్ళీ కడిగాను. అతని రక్తంలో ఏం లేదు."

మేబెలమ్మే ముందు మాట్లాడింది. "కుంకుడుకాయ! నురగ వచ్చే గుణమే కణాన్ని పగలగొట్టేది. పుస్తకంలో చదివాను, చదివి కూడా..." తల పట్టుకుంది. "అంత మెరుస్తుంటే నేనైనా అడగాల్సింది."

ధర్మరాజు గారి గొంతు బాగా కిందికి దిగింది. "నిన్న మధ్యాహ్నమే తెలిస్తే ఇవాళ పొద్దున్న ఎందుకు చెప్పలేదు?"

"ఆ కాగితం కోసం సార్."

ఆయన కాగితం వైపు చూశాడు. కలం మూత తీశాడు. పర్వతాలు పేరు మీద అప్పటికే పెట్టబోయి ఆపిన గీత, చిన్న సిరాచుక్కగా మిగిలిపోయింది. ఆ పేరు వదిలేసి కింద ఉన్న పేరు కొట్టేశాడు.

"పని మాన్పించడం లేదు. తొట్టి దగ్గరే ఉండు. పర్మనెంటు సంగతి వచ్చే ఏడు చూద్దాం. చూస్తానని మాట ఇవ్వను."

"సరే సార్," అంది కాంతమణి.

"ఆర్థర్‌ని పిలవండి," అన్నాడు ధర్మరాజు గారు, ఈసారి గట్టిగా. గట్టిగా అన్నాడంటే ప్రమాదం లేదని అందరికీ తెలుసు గానీ ఆర్థర్‌కి ఎవరూ చెప్పలేదు. సోమవారానికి రెండు డబ్బాల సబ్బుపొడి దిగింది.

పర్వతాలు ఆ రోజు కాంతమణితో మాట్లాడలేదు. గేటు దగ్గర ఎదురుపడితే మాత్రం ఆగి, "అక్కా అక్కా అని తిరిగితి గదే," అని ఒక్క ముక్క అని వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ మెట్టుగూడ దాకా నడిచింది. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఏం చెప్పారో ఆవిడకి గుర్తులేదు, పక్కన కూర్చున్న పొరుగింటి ప్రేమమణి రెండుసార్లు మోచేత్తో పొడిచిందంతే గుర్తుంది.

తర్వాత ఎనిమిది రోజులు అతను తొట్టి వైపు రాలేదు. రక్తం సీసా మేబెలమ్మ చేతికే ఇచ్చి, అటునుంచి అటే పోయేవాడు. వానలు పడి కుళాయి రోజూ రావడం మొదలైంది. కాంతమణి ఏడు నీళ్ళు పోస్తూనే ఉంది. పైకే లెక్కపెట్టడం అలవాటైపోయింది. ఆవిడ 'నాలుగు, అయిదు' అంటుంటే వరండాలో పోయేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం తొట్టి మీద నీడ పడింది. తలెత్తితే పర్వతాలు. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

"నీ తాన కుంకుళ్ళు మిగిలినయా?"

"ఎందుకు?"

"మా ఆమె తలకు పోసుకుంటదంట. బజార్ల మంచియి దొరుకుతలేవంటది. ఇస్తె ఇయ్యి, లేకుంటె లేదను."

కాంతమణి చెయ్యి తుడుచుకుని, గూట్లోంచి మిగిలిన కుంకుళ్ళ సంచి మొత్తం తీసి ఇచ్చింది. అతను మూతి విప్పి వాసన చూశాడు.

"ఎన్ని నీళ్ళు వోసుకొమ్మంటవ్?"

"ఏడు," అంది కాంతమణి.

"నువ్వు జెప్తె నమ్మాల్నా?"

అన్నాడే గానీ వెంటనే పోలేదు. గట్టుమీద కూర్చుని, ఆవిడ చేతిలో ఉన్న పలక జాడింపు పూర్తయ్యేదాకా, ఒకటి నుంచి ఏడు దాకా, వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టి మరీ లేచాడు.